రెండు చుక్కల రోడ్డు

మునిసిపల్ ఆఫీసు మూడో అంతస్తులో, ఏసీ నీళ్ళు కారి కారి గోడ ఉబ్బిపోయిన గది ఒకటుంది. ఆ గదిలో కిటికీ పక్క సీటు గీతలక్కది. అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉంటుంది గాని, అందరి నోటికీ వచ్చేది గీతలక్కే. ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటోని కంప్యూటర్లో పరుచుకుని, అందులో కనిపించే రోడ్ల మీద మౌసుతో గీతలు గీయడం ఆవిడ పని. ఊళ్ళో ఏ రోడ్డయినా, ఏ సందయినా ఆవిడ చేతిలో పడి గీత కావలసిందే.

పని చూడ్డానికి తేలిక. మలుపు వచ్చిన చోటల్లా ఒక క్లిక్కు, ఒక చుక్క. చుక్కకీ చుక్కకీ మధ్య గీత దానంతటదే పడిపోతుంది. చేతకానివాళ్ళు తుంపర కురిసినట్టు చుక్కలు రాలుస్తారు. గీతలక్క అలా కాదు. పాములా మెలికలు తిరిగే సందుకైనా ఎన్ని కావాలో అన్నే. తిన్నని రోడ్డయితే ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి, అంతే సంగతులు. "బట్టకి కుట్టు కనపడకూడదు, గీతకి చుక్క కనపడకూడదు" అనేది. కొత్తగా చేరినవాళ్ళకి ఆఫీసరుగారు ఆవిడ గీతలే చూపించి, "ఇదీ పనంటే" అనేవాడు. ఆ మాట వినబడినప్పుడు గీతలక్క తల తిప్పేది కాదు. మౌసు పట్టుకున్న చేతి చిటికెనవేలు మాత్రం కాస్త పైకి లేచేది.

అంత చల్లగా సాగుతున్న ఆవిడ ఉద్యోగంలోకి మరదలు వచ్చి పడింది.

ఎవరో కాదు, సాక్షాత్తూ మొగుడి చెల్లెలు. ఒకే ఇంట్లో ఉండే మనిషి, పొద్దున్నే ఒకే బాత్రూము తలుపు బాదే మనిషి. ఆ అమ్మాయి ఏదో కంప్యూటరు కోర్సు చదివి ఇంట్లో కూర్చుంటే, "మా ఆఫీసులో ఖాళీ ఉంది, వేసి చూడు" అని చెప్పింది కూడా గీతలక్కే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనండీ.

ఆ ఏడు ఎండలు నిప్పులు చెరిగాయి. ఏ రోడ్డు ఎక్కువ కాలుతోందో తేల్చాలి, ముందు ఆ రోడ్ల పక్కన చెట్లు నాటాలి అని పైనుంచి ఆర్డరొచ్చింది. దానికోసం వేడిని చూపించే ఉపగ్రహ ఫొటో ఒకటి తెప్పించారు. అదెలా ఉంటుందంటే, ఒక పెద్ద గళ్ళ దుప్పటి ఊహించుకోండి. ప్రతి గడిలోనూ ఒక అంకె. ఆ అంకె అక్కడి వేడి. ఇప్పుడా దుప్పటి మీద ఒక దారం పరిచామనుకోండి, అదే రోడ్డు గీత. దారం కింద ఏయే గళ్ళు పడ్డాయో, వాటిలో ఏ అంకెలున్నాయో ఏరుకుని సగటు కడితే, ఆ రోడ్డు ఎంత కాలుతోందో తెలుస్తుంది.

గీతలక్క కొంగు బిగించి పనిలోకి దిగింది. రోడ్డు మొదట్లో ఒక గడి మీద నొక్కడం, మూలన కనిపించిన అంకె పక్క కాగితంలో వేసుకోవడం, పక్క గడికి పోవడం. ఒక్క మార్కెట్ రోడ్డుకే మధ్యాహ్నమైంది. మెడ పట్టేసింది. అయినా ఏదో ఘనకార్యం చేస్తున్నట్టే ఉంది ఆవిడకి.

పక్క కుర్చీలోంచి మరదలు మెడ చాచి చూసింది. "వదినా, ఏంటది? గడి గడికీ నొక్కుతున్నావా?"

"మరి? గళ్ళు వాటంతటవే లేచొచ్చి చెప్తాయా?"

"అడిగితే చెప్తాయి వదినా."

"అయితే అడుగు, నేనూ వింటా."

ఆ పిల్ల ఏదో తెరిచింది, ఏదో ఎంచింది, ఒక మీట నొక్కింది. టీ తెచ్చుకుని రెండు గుక్కలు తాగేలోగా ఊళ్ళో రోడ్లన్నిటి అంకెలూ బిలబిల్లాడుతూ వచ్చిపడ్డాయి. గదిలో వాళ్ళంతా లేచి మరదలి కుర్చీ చుట్టూ మూగారు. ఆఫీసరుగారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, "నెల పని కదమ్మా ఇది! ఇదీ పనంటే!" అన్నాడు.

తన మాట! ఇన్నేళ్ళూ తన గీతలకి దాచిపెట్టిన మాట! గీతలక్కకి గుండెల్లో ఎవరో కుంపటి రాజేసినట్టయింది. చేతిలో మార్కెట్ రోడ్డు కాగితం అలాగే ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో కుక్కేసింది.

ఇంట్లో ఇంకో పురాణం. అత్తగారు ఫోనులో చుట్టాలందరికీ ఒకటే చెప్పడం, "మా పిల్ల మీట నొక్కిందిట, ఊరంతా వచ్చేసిందిట" అని. మొగుడేమో అన్నం ముందు కూర్చుని మురిసిపోతున్నాడు.

"మా చెల్లి చిన్నప్పుడే గోడ గడియారం మొత్తం విప్పేసిందే!"

"మళ్ళీ బిగించిందా?"

"లేదనుకో."

"ఆ ముక్క కూడా చెప్పండి అందరికీ" అంటూ గీతలక్క కూర గిన్నె ఠపీమని పెట్టింది.

కుళ్ళుకోవడానికి ఇదొక్కటే కారణమైతే నాలుగు రోజుల్లో సర్దుకునేదే. అసలు సంగతి వేరు. ఈ వేడి లెక్కల పనికి కొత్తగా ఒక విభాగం పెడుతున్నారు. దానికొక ఇన్‌చార్జి. ఆ పదవి గీతలక్కదేనని మొన్నటిదాకా గోడలకి కూడా తెలుసు. ఇప్పుడు ఆఫీసరుగారి చూపు పక్క కుర్చీ మీద వాలుతోంది. శుక్రవారం పెద్దసారు వచ్చి పటం చూస్తాడు, చూశాక ఇన్‌చార్జి ఎవరో తేలుస్తాడు.

మరదలు రోడ్లన్నిటికీ రంగులద్దింది. చల్లటి రోడ్డు నీలం, కాలే రోడ్డు ఎరుపు. ఆ పటాన్ని ముందుగా పెద్దసారుకి పంపించేశారు కూడా. బుధవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక గీతలక్క ఆ పటం తెరిచి కూర్చుంది. ఎందుకంటారా? తప్పు దొరుకుతుందేమోనని! కోడలి వంటలో వెంట్రుక వెతికే అత్తగారిలా మూల మూలనా గాలించింది.

దొరికింది.

బస్సుల డిపో ముందు రోడ్డు నీలంగా ఉంది. ఆ రోడ్డు మీద మధ్యాహ్నం పూట నిలబడితే చెప్పు అడుగు తారుకి అంటుకుంటుంది. చెట్టన్న మాట లేదు. అది నీలమేమిటి? దగ్గరికి లాగి చూసింది. డిపో రోడ్డు తాడు పట్టినంత తిన్నన. తను గీసిన గీత, రెండే రెండు చుక్కలు. ఈ కొస చుక్క పార్కు చెట్ల నీడలో ఉంది. ఆ కొస చుక్క చెరువు ఒడ్డున ఉంది. మరదలు నొక్కిన మీట చుక్కలున్న చోట మాత్రమే అంకెలు ఏరుకొచ్చింది. మధ్యలో భగభగమండే గళ్ళని ముట్టుకోనైనా లేదు. ఇంకో తిన్నని రోడ్డు చూసింది, అదీ అంతే. మెలికల సందులు మాత్రం చుక్కలు ఎక్కువ కాబట్టి సరిగ్గా వచ్చాయి.

గీతలక్క కడుపు చల్లబడింది. ఎన్నాళ్ళకి! సరిగ్గా అప్పుడే మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏంటి వదినా, అంత దీక్షగా చూస్తున్నావు?"

నాలుక చివరిదాకా వచ్చింది మాట. వచ్చి, అక్కడే చతికిలబడింది.

"ఏం లేదు. రంగులు బాగా వేశావు."

ఆ సాయంత్రం నుంచీ గీతలక్కకి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. గురువారం పొద్దున్న బాత్రూము ముందు, "నువ్వే వెళ్ళమ్మా ముందు" అని పక్కకి జరిగింది.

మరదలు తువ్వాలు భుజాన వేసుకుని ఎగాదిగా చూసింది. "వదినా, ఒంట్లో బాగానే ఉందా?"

శుక్రవారం వచ్చింది. పెద్దసారు రావడానికి ఇంకా టైముంది. ఆఫీసరుగారు హడావిడిగా వచ్చి, "గీతలక్కా, పెద్దసారుకి మీరే చెప్పాలి" అన్నాడు.

"నేనా? పని తనది కదండీ!"

"మీ మరదలే అడిగింది. గీతలన్నీ వదినవి, ఆవిడే చెప్పాలంది. పటం కింద మీ పేరు పైన, తన పేరు కింద నిన్ననే వేసింది, చూసుకోలేదా?"

గీతలక్క పటం తెరిచింది. ఉంది. తన పేరే, లావుపాటి అక్షరాల్లో.

పక్కనుంచి మరదలు ఇకిలించింది. "నలుగురిలో మాట్లాడాలంటే నా నాలుక మడతపడుతుంది వదినా. నీకేం, నోరుంది. ఇంట్లో రోజూ వింటున్నాంగా!"

ఇంకో రోజైతే ఆ ఎత్తిపొడుపుకి గీతలక్క దిమ్మతిరిగే జవాబిచ్చేది. ఇప్పుడు కళ్ళు డిపో రోడ్డు మీదే అతుక్కుపోయాయి. ఎవరికోసం తవ్విన గొయ్యి! పెద్దసారు డిపో రోడ్డు మీదుగానే కారులో వస్తాడు. వచ్చి, నీలం చూసి, పైన పేరెవరిదో చూస్తాడు. భయంతోపాటు ఇంకో మంట కూడా. చివరికి నా పేరు పటం మీద పడ్డా అది ఈ పిల్ల పెట్టిన భిక్షేనా?

మరదలి చెయ్యి పట్టి మంచినీళ్ళ కూలరు దగ్గరికి లాక్కుపోయింది.

"డిపో రోడ్డు తప్పు. తిన్నని రోడ్లన్నీ తప్పే. నీ మీట చుక్కల దగ్గరే అంకెలు తీసుకుంది. నా గీతలకి మధ్యలో చుక్కలు లేవు."

మరదలు పరిగెత్తి పటం చూసింది. చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో, అవును! గీత పొడుగునా దగ్గర దగ్గరగా చుక్కలు వేసి, అప్పుడు తీయాలి. ఉండు."

మళ్ళీ ఏదో మీట. గీతలక్క ఒక్కో క్లిక్కూ పొదుపుగా గీసిన గీతల నిండా క్షణంలో చుక్కలు పుట్టుకొచ్చాయి, మశూచి పోసినట్టు. ఆవిడకి చూడబుద్ధి కాలేదు. కళ్ళు తిప్పుకునేలోగా డిపో రోడ్డు నీలం నుంచి ఎర్రగా మారిపోయింది. దిద్దడం కూడా ఇంతేనా! తను రెండు రోజులుగా మూటగట్టుకున్న తప్పు ఈ పిల్లకి చిటికెలో పని!

మరదలి చెయ్యి మౌసు మీద ఆగింది.

"వదినా, నువ్విది ఎప్పుడు చూశావు?"

"మొన్న."

"రంగులు బాగా వేశావన్నావే, అప్పుడా?"

"అప్పుడే."

"నేను పెద్దసారు ముందు బొక్కబోర్లా పడితే చూద్దామనుకున్నావు."

"అనుకున్నాను."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"నా పేరు వేశావుగా."

మరదలు మౌసు వదిలేసి ఆవిడ వైపు తిరిగింది. "కనీసం ఒక అబద్ధమైనా చెప్పొచ్చుగా వదినా! మొహమాటానికైనా!"

పెద్దసారు వచ్చాడు. గీతలక్క పటం ముందు నిలబడి చెప్పింది, బాగానే చెప్పింది. ఆయన చేతిలో ముందుగా పంపిన పటం కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, డిపో రోడ్డు మీద వేలుపెట్టాడు. "ఇది అందులో నీలం, ఇందులో ఎరుపు. ఏమిటి కారణం?"

ఆఫీసరుగారు మరదలి వైపు చూశాడు. మరదలు నేల చూసింది. ఆ పిల్ల తప్పని ఒక్క మాట అంటే చాలు, సగం నిజమే కూడా. ఇన్‌చార్జి కుర్చీ నడిచొచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. గీతలక్క మరదలి వంక చూసింది. ఆ పిల్ల తలెత్తలేదు. వదిన నోట ఆ మాటే వస్తుందని ఎదురుచూస్తున్నట్టుంది.

"నా గీతలో చుక్కలు తక్కువండీ. తను చుక్కల దగ్గరే అంకెలు తీసింది. ఇద్దరం కలిసి చేసిన తప్పు. నాకు మొన్ననే కనబడింది. ఇవాళ చెప్పాను. చెప్పీ చెప్పగానే తను దిద్దింది."

"మొన్న కనబడితే ఇవాళ చెప్పారా? ఎందుకు?"

గీతలక్క పటం మూల సర్దింది. కారణం తెలిసిన మరదలు దాన్ని బయటపెట్టలేదు. పెద్దసారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంకేం అడగలేదు. కానీ సాయంత్రానికి కబురొచ్చింది. ఇన్‌చార్జి మరదలే.

బస్సులో ఇద్దరూ వేరువేరు సీట్లలో కూర్చున్నారు. ఇంట్లో అత్తగారి ఫోను మళ్ళీ మోగడం మొదలైంది. "చెల్లికి పదవొస్తే నీ మొహం వాడిపోయిందేమిటే?" అన్నాడు మొగుడు. "ఎండకి" అంది గీతలక్క. అసూయ ఏమీ తగ్గలేదండీ, ఎక్కడ మంట అక్కడే ఉంది. నిజం చెప్పినంత మాత్రాన కుంపటి ఆరిపోతుందని ఎవరన్నారు?

అయినా డాబా మీద బట్టలు తీస్తున్న మరదలి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఆ చుక్కలు వేసే మీట ఎక్కడుందో చూపిస్తావా?"

"ఇన్‌చార్జి గారూ, అని అడుగు."

"నా ప్రాణం పోయినా అడగను."

"అయితే చూపించను. అసలు నేను నీతో మాట్లాడటం లేదు."

"మాట్లాడుతున్నావుగా."

"ఇది తిట్టడం" అని మరదలు బట్టల మూట ఎత్తుకుని మెట్లు దిగిపోయింది.

సోమవారం పొద్దున్న గీతలక్క తన కుర్చీని కిటికీ దగ్గర్నుంచి బరబరా ఈడ్చుకొచ్చి మరదలి కుర్చీ పక్కన వేసింది. గదిలో అందరూ తలలు తిప్పారు.

"ఊఁ, చెప్పు" అంది. "మెల్లిగా చెప్పు. ఒక్కసారికి నా బుర్రకెక్కదు."

మరదలు ఓరగా చూసింది. కోపం ఇంకా మొహం మీదే ఉంది. అయినా మౌసుని వదినగారి వైపు జరిపింది. గీతలక్క దాన్ని అందుకుంది.

"ముందు నీ చిటికెనవేలు కిందకి దించు" అంది.