మేనత్త ఇల్లుండంగ లాడ్జిల దిగిన

ఈ ముచ్చట ఇన్నేండ్లు ఎవ్వలకు చెప్పలే. నా పెండ్లానికి సుత చెప్పలే. చెప్పుకునేటంత మంచి పని చేస్తే గద చెప్పేందుకు.

ఎనభైల మొదట్ల సంగతి. నేనప్పుడు హైదరాబాదుల ఒక సర్కారు ఆఫీసుల గుమాస్తాను. కొత్త నౌకరి, కొత్త ప్యాంట్లు, ఇగ నా అంత మొనగాడు లేడని తిరుగుతున్న రోజులు. ఒకపారి మా పెద్దసారు వెంట వరంగల్ పోవాల్సి వచ్చింది. సుబేదారిల ఉన్న మా శాఖ ఆఫీసుల రికార్డులు తనిఖీ చేసుడు. రెండు దినాల పని, నడుమ ఒక రాత్రి అక్కడనే ఉండుడు.

అసలైతే ఎక్కడ ఉండాల్నని నేను ఆలోచించే పనే లేదు. ఖిలా వరంగల్ల, మట్టికోట లోపట మా మేనత్త ఇల్లుంది. మా ఊరు స్టేషన్ ఘన్‌పూర్ అవతల. పెద్ద చదువుకని మా నాయిన నన్ను తెచ్చి అత్త ఇంట్ల దించిండు. అయిదేండ్లు ఆమె చేతి బువ్వ తిని చదివిన. మామ మిల్లుల పని చేసేటోడు, నేను ఇంటర్ల ఉండంగనే పోయిండు. ఆమెకు పిల్లల్లేరు. ఒక బర్రె, రెండర్రల ఇల్లు, నేను. గంతే ఆమె సంసారం.

మా దిక్కు ఒక రివాజు ఉంది. ఊర్లె సుట్టం ఇల్లుండంగ మనిషి లాడ్జిల దిగడు. దిగిండంటే ఆ ఇంటోళ్లు బువ్వ పెట్టకుండ ఎల్లగొట్టిండ్రనన్న అనుకోవాలె, లేకుంటే ఈయననే వాళ్లను ఇడిచిపెట్టిండనన్న అనుకోవాలె. వాడోళ్లు ఎప్పుడైనా ఎల్లగొట్టిండ్రనే నమ్ముతరు. "ఏమన్నవే ఆ పిలగాన్ని, లాడ్జిల పండుకున్నడట" అని మొఖం మీదనే అడుగుతరు. పిల్లల్లేని ఆడమనిషినైతే ఇంక జర గట్టిగనే అడుగుతరు. ఇదంత నాకెరుకే. ఎరుకుండే దిగిన.

హన్మకొండల కొత్తగ ఒక లాడ్జి కట్టిండ్రని సారు రైల్ల కూసున్నకాన్నుంచి ఒకటే చెప్పుడు. ఓనరు కొడుకు బొంబాయిల బిల్డింగులు గీసుడు చదువుకొని వచ్చిండట. కొంచెం జాగల, తక్కువ కిరాయికి, మస్తు ముచ్చటగ కట్టిండట. "నువ్వెక్కడుంటవయ్యా, నీకెవరన్న ఉన్నరా ఇక్కడ?" అని సారు అడిగిండు. బర్రె, పెండకుప్ప, పొగచూరిన వంటర్ర నా కండ్లల్ల తిరిగినయి. ఉన్నరంటే సారు ఎక్కడ చూద్దాం పా అంటడో అని భయమైంది. "ఎవ్వలు లేరు సార్, మీతోనే ఉంట" అన్న. సిగ్గులేనోన్ని. లాడ్జిల దిగంగనే రిజిస్టర్ల, ఈ ఊర్లె బంధువులెవరన్న కాడ కూడ అదే రాసిన.

లాడ్జి మాత్రం నిజంగనే బాగుండె, అబద్ధమెందుకు. అర్ర చిన్నది, కని ప్రతి జానెడు జాగకు ఒక పని పెట్టిండ్రు. మంచాన్ని లేపితే పోయి గోడల కలిసేది. బల్లను కిందికి దించితే రాసుకునేటందుకు, పైకి లేపితే లేనే లేదు. కింద నల్లటి పాలిష్ రాయి. తల దిక్కు గోడకు కోట తోరణం ఆకారం సిమెంటుతోటి ఎత్తుగ చేసిండ్రు. కిటికీకి ఎదురుంగ నిలువుటద్దం పెట్టిండ్రు, దాంతోటి అర్ర రెండింతలు కండ్లవడేది. నేను ఆ మంచాన్ని నాలుగుసార్లు లేపి దించిన, చిన్నపోరని లెక్క.

అత్త పక్కింటాయన నన్ను స్టేషన్ల చూసిండట. నేను చూడలే. ఆయన ఇంటికి పోయి "మీ అల్లుడు దిగిండు, ఇగ కోడిని కొయ్యి" అన్నడట. అత్త పగటిదాంక ఎదురుచూసిందట. వాడకంత చెప్పుకుందట. పగలు తిరిగినంక, ఆఫీసు పనంటే సుబేదారే అయితదని, అంత దూరం నడుచుకుంట పోయి మా ఆఫీసు చప్రాసిని అడిగి, లాడ్జి కాడికి వచ్చింది.

సాయంత్రం అయిదు కావస్తుంది. సారు, నేను కింద హాల్ల కూసోని చాయ్ తాగుతున్నం. అత్త గడప కాడ చెప్పులిడిచి లోపలికి వచ్చింది. చేతుల పేపర్ల చుట్టిన సర్వపిండి రొట్టెలు. వాసన నాకు కూసున్న కాడికే వచ్చింది. మేనేజరు ఎవరు కావాలని అడిగిండు. "మా అల్లుడు ఈడ దిగిండట" అని నా పేరు చెప్పింది. మేనేజరు రిజిస్టరు తిప్పి చూసి, "ఆయనకు ఈ ఊర్లె బంధువులు ఎవ్వరు లేరని రాసిండు కదమ్మా" అన్నడు.

అత్త నా దిక్కు చూసింది. నేను చాయ్ కప్పుల చూసిన.

"ఎవరయ్యా ఆమె?" అన్నడు సారు. లేవాలె, మా అత్త సార్ అనాలె. రెండు మాటలు. నోట్లకెల్లి రాలే. ఇప్పటికీ ఆ రెండు మాటలు ఒంటరిగ ఉన్నప్పుడు పైకే అంటుంట, పిచ్చోని లెక్క.

నా మొఖం చూసి అత్తనే అందుకుంది. "నేనే తప్పు చెప్పిన సారూ. సుట్టాన్ని గాదు. ఈళ్ల నాయిన మాకెరుక, ఆ ఎరుకతోటి పలకరించి పోదామని వచ్చిన." అంత సాఫుగ చెప్పింది. సారు మంచోడు, "అట్లనా, పాపం ఇంత దూరం వచ్చింది, పైకి తీస్కపోయి అర్ర చూపియ్యవయ్యా, అందరు చూడనీకె వస్తున్నరు" అన్నడు.

అర్రలకు పోయినంక తలుపేసి, "ఇల్లు ఇరుకు గదత్తా, నిన్నెందుకు తిప్పలు పెట్టుడని" అన్న. అది అబద్ధమని నాకెరుక, ఆమెకెరుక. ఆమె మంచం లేపిచ్చి చూసింది. తోరణం మీద చెయ్యి పెట్టి, "అచ్చం మన కోటదే. మంచిగ చేసిండ్రు" అన్నది. ఆమె మాటల ఎకసెక్కెం లేదు, నిజంగనే మెచ్చుకుంది. తర్వాత నడుమ నిలవడి రెండు చేతులు చాపింది. వేళ్లు రెండు గోడలకు తాకబోయినయి.

"మనింట్ల నీ అర్ర గింతకు రెండింతలుంటది గదరా" అన్నది.

తిట్టితే బాగుండు. చెంప మీద ఒక్కటిస్తే ఇంక బాగుండు. సర్వపిండి బల్ల మీద పెట్టి, "రేపు బండెక్కే ముందు ఒక్కపారి ఇంటికి వచ్చి పో కొడుకా. వాడల నా మొఖం నిలవెట్టు. గంతే అడుగుత" అన్నది. రిక్షాల దించుతనంటె వద్దన్నది. వచ్చినట్లే నడుచుకుంట పోయింది.

తెల్లారి పని తొందరగ ఒడగొట్టుకొని, సారుకు కోట చూసొస్త అని చెప్పి పోయిన. ఆ మాట సుత అబద్ధమే. వాకిట్ల అత్త బర్రెకు కుడితి పెడుతుంది. గోడ అవతలికెల్లి పక్కింటామె నన్ను చూసి నవ్వింది.

"రాత్రి పొద్దువోయినంక వచ్చి బువ్వ తిని పండుకున్నవట, పొద్దుగాలనే ఆఫీసుకు ఉరికినవట. మీ అత్త చెప్పింది. మంచిగ నిద్రవట్టిందా బిడ్డా?"

అత్త చేతుల బకెట్ అట్లనే ఆగింది. నా దిక్కు చూడలే. నేనేమంటనో అని మాత్రం చెవి పెట్టింది, నాకు తెలుస్తుంది.

"మంచిగ పట్టింది అవ్వా," అన్న. "ఈ ఇంట్ల పట్టినంత ఎక్కడ పట్టది."

అత్త బకెట్ దించింది. నేను లోపటికి పోయిన. నా అర్రల మంచం మీద పక్క ఏసి ఉంది. తలకాడి మెత్త నడుమ గుంట వడ్డది, దుప్పటి కాళ్ల కాడికి తన్నినట్లు ముద్దయి ఉంది. కింద ఒక పళ్లెం, ఎంగిలి మెతుకులు ఎండుకపోయి ఉన్నయి. ఆమె రాత్రి ఒక్కతే కూసోని ఇవన్ని చేసింది.

ఏం చెయ్యాల్నో తెల్వక దుప్పటి మడతవెట్టవోయిన. ఎనుకకెల్లి అత్త వచ్చి నా చెయ్యి పట్టి ఆపింది.

"అట్లనే ఉండనియ్ బిడ్డా. పక్కింటామె ఇంకా లోపటికొచ్చి చూడలే."