ఒళ్ళు చేసేదాకా

ఆపరేషనైన నాలుగో నెలకి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాకుండా పోయింది. గుడివాడలో మా ఇంటి ముందు గదే నా టైలరింగ్ షాపు. ఇరవై ఏళ్ళుగా ఆ మిషను ముందు కూర్చుని ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టినదాన్ని. అలాంటిది జాకెట్టుకి ఒక చెయ్యి ఎక్కించగానే లేచి వీధి గుమ్మం దాకా వెళ్తాను, వెనక్కి వస్తాను, ఫ్రిజ్ తలుపు తీస్తాను, మూస్తాను. ఏం కావాలో నాకే తెలియదు. మళ్ళీ వచ్చి కూర్చుని రెండో చెయ్యి తిరగేసి కుట్టేసి, ఆ కుట్లు విప్పుకుంటూ నన్ను నేనే తిట్టుకుంటాను.

ఇదివరకు ఈ బాధ ఉండేది కాదు. మిషను పక్కనే జంతికల డబ్బా ఉండేది. విసుగొస్తే తినేదాన్ని, కోపమొస్తే తినేదాన్ని, సంతోషమొస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. ఇప్పుడు విసుగొస్తే పొద్దున్నించి సాయంత్రం దాకా విసుగే. దాన్నేం చేసుకోవాలో తెలియక ఇంట్లోకీ వీధిలోకీ తిరుగుతున్నాను. బరువు తగ్గించమని పంపిస్తే నీ కాళ్ళకి చక్రాలు కట్టి పంపారేమిటని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

నూట పద్దెనిమిది కిలోలు ఉండేదాన్ని. మోకాళ్ళు పోయాయి, షుగరొచ్చింది. అవన్నీ ఓర్చుకున్నాను. నిద్రలో ఊపిరి ఆగిపోవడం మొదలయ్యాక మా ఆయనకి నిద్ర లేకుండా పోయింది. బంటుమిల్లి చుట్టుపక్కల రొయ్యల చెరువులకి మేత బస్తాలు తోలే మనిషి, పగలంతా బండి మీద ఉంటాడు, ఇంటికొచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చునేవాడు. ఆయన స్టీరింగు మీద కునుకు తీస్తాడేమోనన్న భయంతోనే నేను ఒప్పుకున్నాను. బెజవాడలో చేశారు. కడుపులో అన్నం నిలవ ఉండే సంచిని ముప్పాతిక వంతు కోసి తీసేసి, సన్నటి గొట్టమంత మిగిల్చారు.

ఈ సంగతి ఊళ్ళో ఎవరికి తెలిసినా నాకు దిగుల్లేదు. అమ్మకి మాత్రం తెలియకూడదు.

అమ్మ దివిసీమలో పాలకాయతిప్ప దగ్గర పల్లెలో మా తమ్ముడింట్లో ఉంటుంది. పడవలొచ్చే వేళకి ఒడ్డున నిలబడి బేరమాడేది అమ్మే, అమ్ముడుపోని నెత్తళ్ళ చేపలు ఎండబెట్టేదీ అమ్మే. ఉప్పెనొచ్చినప్పుడు తనకి పదేళ్ళట. తల్లినీ ఇద్దరు తమ్ముళ్ళనీ నీళ్ళు తీసుకుపోయాయి. ఆ తర్వాతి రోజుల గురించి ఒక్క మాటే చెబుతుంది, హెలికాప్టర్లోంచి వేసిన అన్నం పొట్లాల కోసం బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తామని. అంతకు మించి అడిగితే లేచి వెళ్ళిపోతుంది. నేను పుట్టాక నా పళ్ళెం ఏనాడూ వెలితిగా ఉండనివ్వలేదు. పిల్ల పుష్టిగా ఉందని ఎవరైనా అంటే నాకు దిష్టి తీసేది, ఆ మాటన్న వాళ్ళని కూర్చోబెట్టి టీ ఇచ్చేది. అంత ఇష్టం తనకి నా ఒళ్ళంటే.

అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి, తక్కువ తినడం కోసం కడుపు కోయించుకుంటున్నానని ఎలా చెప్పను? నాకు నోరు పెద్దదని పేరే గానీ ఆ ఒక్క మాట రాలేదు. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, తీయించుకుంటున్నానని చెప్పాం. అల్లుడు కూడా అదే చెప్పేసరికి అమ్మ నమ్మింది.

మొదటి పదిహేను రోజులూ మజ్జిగ తేటా పప్పు కట్టూ. గ్లాసుడు నీళ్ళు తాగడానికి గంట పట్టేది. తర్వాత మెత్తటివి పెట్టారు. ఒక కోడిగుడ్డుకి అరగంట. నమలాలి, నమలాలి, ఇంకా నమలాలి. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్న అరగంట దాకా తాగకూడదు. ప్రతి ముద్దకీ గడియారం చూసుకోవాలంటే నాలాంటి తొందర మనిషికి అది జైలే.

రెండో నెలలో అమ్మ చెప్పకుండా దిగింది. ఒక గిన్నెలో పండుగప్ప పులుసు, ఒక సంచిలో పీతలు. గుమ్మంలోనే నన్ను పైకీ కిందకీ చూసి, వంటింట్లోకి వెళ్ళి అన్నం వార్చింది. పళ్ళెంలో పెట్టి ఎదురుగా కూర్చుంది. నాకేమో చెయ్యి ఆగలేదు. రెండు నెలల తర్వాత అమ్మ చేతి పులుసు. ఎప్పటిలాగే గబగబా నాలుగు ముద్దలు మింగేశాను. అయిదో ముద్ద లోపలికి వెళ్ళలేదు. రొమ్ము ఎముక కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టయింది. నోటి నిండా ఉమ్మి ఊరింది. దొడ్లోకి పరిగెత్తాను.

అమ్మ వెనకాలే వచ్చి నా నుదురు పట్టుకుంది. అంతా అయ్యాక మొహం కడిగింది. పళ్ళెంలో మిగిలిన అన్నాన్ని అలాగే చాలాసేపు చూసింది. వెళ్ళేటప్పుడు మా ఆయన్ని గేటు దగ్గర ఆపి, “తీసింది రాళ్ళేనా బాబూ?” అని అడిగింది. ఆయన నా వైపు చూసి, అవునన్నాడు. అప్పుడైనా చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే.

తర్వాత రోజూ ఫోను. తిన్నావా, ఏం తిన్నావు, ఎన్నిసార్లు వడ్డించుకున్నావు? నేను అబద్ధాలు గడగడా చెప్పేదాన్ని. పప్పన్నమంటాను, చేపల వేపుడంటాను, మారు అడిగి మరీ వేయించుకున్నానంటాను. చెబుతూ గదిలో అటూ ఇటూ తిరుగుతాను. అప్పటికి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది, బుగ్గలు లోపలికి పోయాయి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మోకాళ్ళ నొప్పి లేదు, షుగరు మాత్రలు ఆపేశారు, పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రావడం లేదు. అద్దంలో చూసుకుంటే మాత్రం ఎవరో జబ్బు మనిషి.

ఆ మధ్య బంటుమిల్లిలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళాం. అదొక శిక్ష. బంతిలో కూర్చున్నాక అందరివీ అయ్యేదాకా లేవకూడదు కదా, మూడు ముద్దలు తిని నిండిన విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. వడ్డించేవాళ్ళు బతిమాలేకొద్దీ పారిపోవాలనిపించింది. చుట్టూ అందరూ నన్నే చూస్తున్నారు. ఒకావిడ చెయ్యి కడుక్కునే చోట నన్ను పట్టుకుని, ఏ ఆసుపత్రిలో చూపిస్తున్నారమ్మా, ఆ రోగానికి ఇప్పుడు మంచి మందులొచ్చాయంట, అని గుసగుసగా ధైర్యం చెప్పింది. ఏ రోగమని అడిగాను. పేరు పలక్కూడదన్నట్టు చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చేదాకా మా ఆయనా నేనూ నవ్వుకున్నాం. ఆ మాట బంటుమిల్లి నుంచి దివిసీమకి ఎంత తొందరగా పోతుందో మాకు తట్టలేదు.

ఆ తర్వాత అమ్మ ఫోనులో తిన్నావా అని అడగడం మానేసింది. ఎండలు ముదిరాయని, పడవలు సరిగా వెళ్ళడం లేదని, ఏవో కబుర్లు చెప్పి పెట్టేసేది. హమ్మయ్య, అలవాటు పడిందనుకున్నాను. ఎంత బుద్ధి తక్కువదాన్ని.

ఏడో నెలలో ఒక పొద్దున త్రాసు ఎక్కితే ఎనభై ఒకటి చూపించింది. పెళ్ళినాటి బరువు. సంబరంగా మా ఆయనకి చెప్పబోతుంటే ఫోను మోగింది. మా తమ్ముడి భార్య. గొంతు తగ్గించి మాట్లాడింది.

“వదినా, నేను చెప్పానని అనొద్దు. అత్త అన్నం ముట్టి మూడు నెలలవుతోంది.”

నాకు అర్థం కాలేదు. తను చెప్పుకుపోయింది. బంటుమిల్లి నుంచి ఎవరో వచ్చి నీ కూతురికి మహమ్మారి రోగం, నీకు చెప్పకుండా దాస్తున్నారన్నారట. ఆ రోజే అమ్మ ఒడ్డున గంగమ్మ దగ్గరికి వెళ్ళి మొక్కుకుందట, నా బిడ్డ మళ్ళీ ఒళ్ళు చేసేదాకా మెతుకు ముట్టనని. పొద్దునో గ్లాసు జావ, పొద్దుగూకాక ఇంకో గ్లాసు, అంతే. తనకున్న షుగరుకి మాత్రలు మాత్రం మానకుండా వేసుకుంటోంది. నిన్న నెత్తళ్ళు ఎండబెడుతూ అక్కడే పడిపోయింది. అవనిగడ్డ తీసుకెళ్ళి సెలైన్ ఎక్కించారు. ఇలాగే ఉంటే ఈసారి ఆసుపత్రికి తెచ్చేదాకా కూడా ప్రాణం ఆగదని డాక్టరు అన్నాడట. అయినా తినడం లేదు.

ఫోను పెట్టేసి త్రాసు వైపు చూశాను. నేను ఇక్కడ కిలో తగ్గానని మురిసిపోయిన ప్రతిసారీ, అక్కడ అమ్మ నా గురించి ఎవరినో వాకబు చేసి, ఇంకా ఒళ్ళు చేయలేదంట అని తెలుసుకుని జావ గ్లాసు అందుకుంది. మొక్కు తీరదు. ఎప్పటికీ తీరదు. తీరకుండా నేనే కోయించుకుని వచ్చాను.

పామర్రులో బస్సు మారాను. అవనిగడ్డ బస్సులో సీటుంది, కూర్చోలేకపోయాను. కమ్మీ పట్టుకుని నిలబడే వెళ్ళాను. ఏమని మొదలుపెట్టాలో వందసార్లు అనుకున్నాను. కోడూరులో ఆటో ఎక్కేసరికి అనుకున్నవన్నీ మర్చిపోయాను.

అమ్మ వాకిట్లో పట్టా మీద కూర్చుని ఎండు నెత్తళ్ళలో చెత్త ఏరుతోంది. మెడ దగ్గర ఎముకలు బయటికొచ్చాయి. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఎవరు ఎవరి కోసం ఏడవాలో తెలియనట్టుంది. ఎండన పడి ఎందుకొచ్చావంది. నేను నిలబడే, ఊపిరి తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను. రాళ్ళు అబద్ధం, రోగం అబద్ధం, ఇది కావాలని చేయించుకున్న ఆపరేషను.

అమ్మ చెయ్యి ఆగింది. “అన్నం పట్టే సంచి కోయించుకున్నావా?”

“అవునమ్మా.”

“నీ అంతట నువ్వే పోయి?”

అవునన్నాను. అమ్మ మళ్ళీ తల వంచుకుని ఏరడం మొదలుపెట్టింది. ఆ నిదానం చూసి నాకు పిచ్చి కోపమొచ్చింది. నోరు జారాను. ఇక ఈ జన్మలో నేను ఒళ్ళు చేయనని, నువ్వు మొక్కుకున్నది నాకు మళ్ళీ ఆ రోగాలన్నీ రమ్మనేనని అరిచాను.

అమ్మ అరవలేదు. “నాకెవరు సెప్పారే? నువ్వు సెప్పావా? మూణ్ణెల్లు పొద్దున్నే పోయి, నా బిడ్డని సంపమాక తల్లీ అని కాళ్ళమీద పడ్డాను. నువ్వేమో అక్కడ బాగానే ఉన్నావు.”

నాకు తల కొట్టేసినట్టయింది. అన్ని నెలలుగా ఒక్కచోట కూర్చోలేని దాన్ని, ఆ పట్టా మీద, నెత్తళ్ళ మధ్య, చతికిలబడ్డాను. తప్పయిపోయిందమ్మా అన్నాను. వినపడిందో లేదో తెలియదు. నేనూ నెత్తళ్ళు ఏరడం మొదలుపెట్టాను. మరదలు అన్నం పెట్టనా అత్తా అని గుమ్మంలోంచి అడిగింది. అమ్మ వద్దంది. ఇచ్చిన మాట అమ్మవారి దగ్గరుంది, అక్కడ సెప్పకుండా ఇక్కడెట్టా తింటానంది.

ఎండ తగ్గాక ఇద్దరం ఒడ్డుకి నడిచాం. ఇసకలో అమ్మ రెండుసార్లు ఆగింది. నా చెయ్యి పట్టుకోలేదు. గంగమ్మ గుడంటే నడుమెత్తు గోడలూ రేకు కప్పూ, అంతే. అమ్మ కొబ్బరికాయ కొట్టి, చేపల బేరంలో మాట్లాడినట్టే మామూలు గొంతుతో చెప్పింది.

“తెలీక అడిగాను తల్లీ. పిల్లకి ఒళ్ళొద్దంట. నేనడిగింది ఇవ్వమాక. ఎట్టా ఉందో అట్టాగే ఉండనీ.”

ఆ మాటలు అనడం అమ్మకి ఎంత కష్టమైందో పక్కన నిలబడ్డ నాకు తెలుసు. ఇంత ప్రేమని నేను ఏడు నెలలు అబద్ధాలతో ఏడిపించానే అనిపించి ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి మరదలు వేడన్నం, చేపల పులుసు సిద్ధంగా పెట్టింది. అమ్మ కాళ్ళు కడుక్కుని కూర్చుంది. కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు నమిలింది. నేను ఎదురుగా కూర్చున్నాను, నా ముందు పళ్ళెం లేదు. రెండో ముద్ద తింది, మూడోది తింది. నా వైపు చూడలేదు. నన్ను తినమనలేదు. నాకు ఊహ తెలిశాక అమ్మ నా ఎదురుగా కూర్చుని నన్ను తినమనకుండా అన్నం తినడం అదే మొదటిసారి. ఆ పోరు పడలేకే కదా ఇన్నేళ్ళూ విసుక్కున్నాను. ఇప్పుడు ఆ మాట రాకపోతే నాకు ఊపిరాడలేదు.

నాకో ముద్ద పెట్టమ్మా అన్నాను.

అమ్మ చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. కలిపిన ముద్ద చేతిలోకి తీసుకుంది. సగం తీసి పక్కన పెట్టింది. మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసేసింది. గోరంత ముద్దని వేళ్ళ కొసల్లో మెత్తగా నలిపి నా నోటి దాకా తెచ్చి, అక్కడ ఆపింది.

“ఇది పడుద్దా?” అని అడిగింది.