జాఫ్నా నుంచి చేతికొచ్చిన ఉత్తరం

మొన్న అమెరికాలో, నేపర్‌విల్‌లో మా బేస్‌మెంట్ సర్దుతూ, మా దగ్గరే ఉంటున్న అమ్మ సూట్‌కేస్ తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. చీరల అడుగున, నాన్న జాఫ్నా నుంచి రాసిన ఉత్తరాల కట్ట.

నాన్న సిపాయి. శ్రీలంకలో అంతర్యుద్ధమప్పుడు మన సైన్యంతో వెళ్లి, జాఫ్నా పట్నంలో కాపలా ఉన్నాడు. నాకు తొమ్మిదేళ్లు. చీరాలలో మగ్గాల చప్పుడు, ముసురుకి ఆరని బట్టల వాసన, క్రిస్మస్ అరిసెలకి పాకం పట్టే పొయ్యి సెగ, వీటన్నిటి మధ్య పోస్ట్‌మేన్ కేక వినబడితే చాలు, వీధంతా మా అరుగు మీద చేరేది. అమ్మ పైకి చదివేది. నేను క్షేమం, ఇక్కడా తాటిచెట్లే, సందు చివర ముసలమ్మ రోజూ చెంబుతో నీళ్లిస్తుంది, విషం కలిపిందేమోనని ముందు ఆమెనే తాగమంటాం, తాగి నవ్వుతుంది.

ఒక్క ఉత్తరం మాత్రం పోస్టులో రాలేదు. సెలవు మీద వచ్చిన నాన్న స్నేహితుడు అమ్మ చేతికిచ్చి, కూర్చోకుండానే వెళ్లిపోయాడు. అమ్మ ఎప్పటిలాగే అందరికీ పైకి చదివింది గాని, కళ్లు కాగితం మీద కదలడం లేదు. అరపేజీ ఉత్తరాన్ని అంతసేపు ఎలా చదివింది? నాన్నకి అక్కడ ఇంకో ఆడమనిషి ఉందేమోనని నాకు అనుమానమొచ్చింది. ఆదివారం ఒంట్లో బాగోలేదని చెప్పి చర్చి ఎగ్గొట్టి, ట్రంకుపెట్టె వెతికాను.

"ముసలమ్మ ఇల్లు సోదా చేశాం. వాళ్లబ్బాయిని నేనే జీపెక్కించాను. మర్నాడు కూడా నీళ్లు తెచ్చింది. అడక్కముందే సగం తాగి నాకిచ్చింది. పారబోశాను. పిల్లకి చెప్పకు."

నాన్న తిరిగొచ్చిన రోజు మెడకి చుట్టుకోవాల్సిన దాన్ని, తలుపు వెనక నిలబడి ఆయన చేతులకేసి చూశాను.

"ఏందే, నాన్న దగ్గరికి పోవా?" అంది అమ్మ. నా మొహం చూసి ఆగిపోయింది. ఆమెకి అర్థమైంది. నాన్నకి మాత్రం, నేనెందుకలా దూరందూరంగా పెరిగానో చివరిదాకా తెలీలేదు.

ఇన్నేళ్లకి, సూట్‌కేస్ పక్కన కూర్చుని అడిగాను.

"అమ్మా, ఆ అబ్బాయిని వదిలేశారా?"

"తెలీదే. నేనడగలా."

"ఎందుకని?"

"అడిగితే చెప్తాడని."

నాన్న పోయి ఆరేళ్లు. మా అరుగు రోడ్డు వెడల్పులో పోయింది; ఆ వీధిలో ఇప్పుడు మగ్గం లేదు. ఆ సాయంత్రం కట్ట విప్పి ఒక్కొక్క ఉత్తరమే చదివాను. ముసలమ్మ పేరు గాని, వాళ్లబ్బాయి పేరు గాని ఎక్కడా రాయలేదు.