అన్నగారి బిళ్ళ, అన్నగారి వయస్సు

మిల్లు గేటు పక్క గోడమీద అంటించిన జాబితాలో మా బావగారి నంబరు లేదు. ఆయన చదువుకున్నవారు కారు గాని, తన నంబరులోని నాలుగు అంకెలను ఎక్కడున్నా గుర్తుపట్టగలరు. జాబితాను పైనుంచి కిందికి ఒకసారి చూసి, తన కళ్ళను తాను నమ్మక, నన్ను పిలిచి చూడమన్నారు. నేను ఒక్కొక్క వరుస కింద వేలు పెట్టి రెండుసార్లు చదివాను. లేదు.

పందొమ్మిది వందల అరవైల చివరి మాట ఇది. విజయనగరానికి కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న ఆ జూట్ మిల్లుకు ఆ ఏడు గోగునార చాలినంత రాలేదు. సగం మగ్గాలను ఆపివేసి, వాటిమీద పనిచేసేవారికి లే-ఆఫ్ ప్రకటించారు. అంటే ఉద్యోగం పోదు, పని మాత్రం ఉండదు. పని లేని రోజులకు సగం కూలి ఇస్తారు. అందుకు రెండు నియమాలు. మొదటిది, ఆ మనిషి కనీసం ఏడాది సర్వీసు ఉన్న పర్మనెంటు కార్మికుడై ఉండాలి. ఎవరైనా రానినాడు వారి మగ్గం మీద నిలబడే బదిలీవాడై ఉండకూడదు. రెండవది, రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు గేటు దగ్గర హాజరై, పేరు పిలిచినప్పుడు పలికి, మస్టరులో వేలిముద్ర వేసి వెళ్ళాలి. రాని రోజుకు సగం కూలి కూడా ఉండదు. నాకు ఆ నియమాలు చాలా సమంజసంగా కనిపించాయి. అప్పటికి నేను ఉపాధ్యాయ శిక్షణ ముగించి, ఉద్యోగపు ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ మా అక్క ఇంట్లో ఉంటున్నాను; ఆమెను మేము అప్ప అంటాం. నియమాలను మెచ్చుకోవడం తప్ప నాకు వేరే పని లేదు.

గేటు కిటికీలో కూర్చున్న గుమాస్తాను బావగారు అడిగారు.

"ఏటి బాబూ, నా నంబరు నేదు?"

గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు. "నీ నంబరు లేయాపులో ఉండదు. నీకు యాభై ఎనిమిది నిండిపోనాయి. నువ్వు రిటేరు."

"ఎవలికి? నాకా?"

వెనుక వరుసలో నవ్వులు లేచాయి. "తాతా, జరుగు తాతా! ఎనకున్న కుర్ర గుంటలకి దారియ్యి" అన్నారు ఒకరు. "మొన్నే కదరా కూతురికి బారసాల సేసినావు! యాభై ఎనిమిదేళ్ళోడివేటిరా, నా కడుపు మండా" అన్నారు మరొకరు.

మామూలుగా అయితే బావగారు ఒక మాటకు రెండు మాటలు తగిలించి వరుసను నవ్వించి వచ్చే మనిషి. ఆ రోజు మాత్రం నా మణికట్టు పట్టుకుని రోడ్డు దాకా లాక్కొచ్చారు. ఆయనకు అప్పుడు నలభై రెండేళ్ళు. జుట్టు ఒక్కటి నెరవలేదు.

"ఆ వయసు నాది కాదురా బావా," అన్నారు. "మా అన్నది."

దారి పొడుగునా ఆగి ఆగి చెప్పారు. ఆ మిల్లులో మొదట పనికి కుదిరినవారు ఆయన అన్నగారు, పదహారేళ్ళు పెద్ద. పద్నాలుగేళ్ళ క్రితం ఆ అన్నగారికి ఖరగ్‌పూర్ రైల్వేలో పని దొరికింది. చేతిలో ఉన్న మిల్లు ఉద్యోగాన్ని ఊరికే వదులుకోవడం ఎందుకని, తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళను తమ్ముడి చేతిలో పెట్టి రైలెక్కారు. మగ్గాల వరుసను చూసే సర్దారుకు మామూలు ముట్టింది. మరునాటినుంచి తమ్ముడు అన్న పేరుతో పలికాడు. అది ఆ రోజుల్లో అపూర్వమేమీ కాదు. పొలంలో అన్న వదిలిన చాలును తమ్ముడు అందుకున్నట్టే మిల్లులోనూ అందుకున్నారు. బిళ్ళతోపాటు రిజిస్టరులోని అన్న సంవత్సరాలు కూడా తన మీద పడతాయని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. సర్దారు చనిపోయాడు. వయస్సు సంగతి పద్నాలుగేళ్ళపాటు ఎవరూ అడగలేదు. లే-ఆఫ్ జాబితా తయారుచేయడానికి పాత రిజిస్టర్లు బయటికి తీసినప్పుడు, ఆ సంవత్సరాలన్నీ ఒక్కసారిగా లెక్కకు వచ్చాయి.

నేను ఇంటికి చేరేలోగా విషయాన్ని ఒక క్రమంలో పెట్టుకున్నాను. వయస్సు తప్పని నిరూపించాలంటే మనిషి వేరని ఒప్పుకోవాలి. మనిషి వేరని ఒప్పుకుంటే ఉన్న సర్వీసంతా అన్నగారిది. మా బావగారు ఆ మిల్లులో ఒక్క రోజైనా పనిచేయనివారు. ఒప్పుకోకపోతే యాభై ఎనిమిదేళ్ళ వృద్ధులు. సర్వీసు కావాలంటే ముసలితనం పుచ్చుకోవాలి, పడుచుతనం కావాలంటే సర్వీసు వదులుకోవాలి.

"ఉన్నది ఉన్నట్టు రాసి పిటిషను పెడదాం," అన్నాను. "పద్నాలుగేళ్ళు పనిచేసిన చేతులు ఎవరివో అధికారులు విచారించి తెలుసుకుంటారు."

అప్ప చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని వింటోంది. "ఇసారించి?" అంది. "ఇసారించి ఏటి సేస్తారురా? మోసం సేసినాడని పోలీసోళ్ళకి అప్పసెప్తారు. సగం కూలైనా వస్తాదని నేను సూస్తంతే, నువ్వు ఉన్న మగ్గం కూడా ఊడగొట్టీలాగున్నావు."

"అబద్ధం రాయమంటావా అప్పా?"

"నిన్ను సదివించింది నిజాలు రాయడానికి కాదు, పిటిసన్లు రాయడానికి."

బావగారు పుస్తెల తాడు పేనుతున్నంత శ్రద్ధగా చేతిలో ఏదో పురికొస పేనుతూ కూర్చున్నారు. "ఒరే బావా, మా అన్నని ఆ మిల్లులో ఇప్పుడు ఒక్కడైనా ఎరగడు. నన్ను ఎరగనోడు నేడు. మరి మిల్లోడెవడు, సెప్పు?"

నేను కాగితం తీసి మార్జిను గీయడం మొదలుపెట్టాను.

అభ్యంతరాలు తెలుపుకోవడానికి నోటీసులో పది రోజుల గడువు ఇచ్చారు. ఆ పది రోజులూ ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. జాబితాలో పేరు లేదు కనుక బావగారు గేటుకు వెళ్ళవలసిన అవసరం లేదు. అయినా మిల్లు కూత వినబడగానే చొక్కా తొడుక్కుని బయలుదేరేవారు. రోడ్డుకు అవతల నిలబడి, తోటివారు ఒక్కొక్కరే పలికి వేలిముద్ర వేసి రావడం చూసి, తిరిగి వచ్చేవారు. వచ్చాక చేతులకు పని ఉండాలి. మంచం నులక విప్పి కొత్తగా అల్లారు. అల్లిక వదులైందని మళ్ళీ విప్పారు. మూడవసారి విప్పుతుంటే అప్ప, "ఇంక ఆపు మావా, పిల్లలు పొడుకోడానికి మంచం నేదు" అని కసిరింది. నేను మాత్రం ఏం చేశాను? సత్యమైన పిటిషనును నాలుగుసార్లు రాశాను. మొదటి ప్రతిలో మార్జిను వంకరగా వచ్చింది. రెండవదానిలో ఒక కొట్టివేత. మూడవది బాగానే ఉన్నా, ఎందుకో మళ్ళీ రాశాను. దానిమీద వేలిముద్ర వేయమని బావగారిని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఏడవ రోజున గేటు గుమాస్తాయే బావగారిని పక్కకు పిలిచి దారి చెప్పాడట. "పేరు జోలికి ఎల్లకు. వయసొక్కటే తప్పు రాసినారని పెట్టు. పెద్దాసుపత్రిలో డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చుకో. సదువుకున్న సాచ్చిని తోడెట్టుకుని విజయనగరంలో లేబరాఫీసరు దగ్గరకి పో."

సాక్షి ఎవరన్న ప్రశ్న ఇంట్లో రాలేదు. అందరూ నా వైపే చూశారు.

ఆసుపత్రిలో డాక్టరుగారు బావగారి నోరు తెరిపించి పళ్ళు చూశారు, కనురెప్ప కింద చూశారు, వంగి లేవమన్నారు. నలభైకి తక్కువ కాదు, నలభై అయిదుకు ఎక్కువ కాదు అని రాసిచ్చారు. కాంపౌండరు పేరు అడిగినప్పుడు బావగారు తడుముకోకుండా అన్నగారి పేరు చెప్పారు. నేను గోడమీది మశూచి టీకాల పటాన్ని చదువుతూ నిలబడ్డాను. బయటికి వచ్చాక, "సంతలో గిత్తని కొన్నట్టు సూసినాడురా" అన్నారు బావగారు. "తోక ఒక్కటి మెలెయ్యలేదు." ఆ పది రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

సర్టిఫికెట్టులోని వయస్సు నిజం. పేరు అబద్ధం. ఒకే కాగితం మీద రెండూ పక్కపక్కన ఉండగలవని నేను అంతకుముందు ఊహించలేదు. లేబర్ ఆఫీసుకు నడుస్తున్నంతసేపూ నా చొక్కా జేబులో నాలుగవ ప్రతి మడతపెట్టి ఉంది. నేను దానిని ఇస్తానో లేదో నాకే తెలియదు. జేబు తడుముకుంటూ నడిచాను. బావగారు అది గమనించారనే అనుకుంటాను.

లేబర్ ఆఫీసరుగారు నడివయస్సు దాటినవారు. బల్లమీద కాగితాలన్నీ అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. కలం, సిరాబుడ్డి, అద్దుడు కాగితం వేటి స్థానంలో అవి ఉన్నాయి. మరొక రోజున అయితే ఆ బల్లను చూసి నా మనస్సుకు హాయిగా ఉండేది. వయస్సొక్కటే తప్పని బావగారు బయట అర్జీలు రాసేవాడి చేత రాయించిన పిటిషనును ఆయన చదివి, మిల్లునుంచి తెప్పించిన రిజిస్టరు నకలుతో సరిపోల్చారు.

"ఇరవై రెండేళ్ళ క్రితం చేరినప్పుడు ముప్పై ఆరేళ్ళని రాసి ఉంది," అన్నారు బావగారితో. "డాక్టరు సర్టిఫికెట్టు ప్రకారం నీకప్పుడు ఇరవై. ఇరవైయేళ్ళవాణ్ణి చూసి ముప్పై ఆరని ఎవరు రాస్తారు?"

"అప్పుడు నాకు గెడ్డం ఉండీది బాబూ."

ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగారు.

"మీరేం చేస్తుంటారు?"

"ఉపాధ్యాయ శిక్షణ ముగించానండి. ఉత్తర్వు కోసం ఎదురుచూస్తున్నాను."

"ఈ మనిషి మీకేమవుతాడు?"

"మా అప్పగారి భర్త."

"అయితే బాగా తెలుసు."

"తెలుసునండి."

ఆయన పిటిషను మీద అరచేయి బోర్లించి ఉంచారు. "ఇతని పేరు చెప్పండి. తండ్రి పేరుతో సహా."

ఆయన అనుమానించారా, లేక అది ఆయన పద్ధతియేనా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. జేబులోని కాగితం నా గుండెకు తగులుతూనే ఉంది. తీసి బల్లమీద పెట్టడానికి ఒక్క క్షణం చాలు. పెడితే నేను నమ్మినదంతా నిలుస్తుంది. మా అప్ప ఇంట్లో పొయ్యి నిలవదు. బావగారు నన్ను చూడటం లేదు. తన వేళ్ళనే చూసుకుంటున్నారు. నారపోగులు ముడివేసి ముడివేసి కాయలు కాచిన వేళ్ళు అవి. పద్నాలుగేళ్ళ సర్వీసు ఎక్కడుందని ఎవరైనా అడిగితే చూపించవలసినవి ఆ వేళ్ళే. వాటిని అడిగే గడి మాత్రం ఏ ఫారంలోనూ లేదు.

నేను పేరు చెప్పాను. ఇంటిపేరు, అన్నగారి పేరు, ఇద్దరికీ ఒక్కరే అయిన తండ్రి పేరు, వరుస తప్పకుండా చెప్పాను.

"మాస్టారు కాబోతున్నారు," అన్నారు ఆయన, కలం అందుకుంటూ. "మీ మాట మీద రాస్తున్నాను."

నేను సాక్షి సంతకం చేశాను. నా చేతిరాతను నేను ఎప్పుడూ ఉపేక్షించలేదు. ఆ సంతకం కూడా చక్కగానే వచ్చింది.

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక బావగారు గట్టిగా ఊపిరి వదిలారు. "ఒరే బావా, అంతసేపు గుటకలు మింగినావేటిరా? నా పేనం ఆ బల్లమీదే పోనాది."

"మీరు మాట్లాడకండి."

"కోపమేటి? ఇయ్యాల్టినుంచి నన్ను ఆ పేరుతోనే పిలు. అలవాటైపోతాది."

"నేను మిమ్మల్ని పేరు పెట్టి ఎప్పుడు పిలిచాను?" అన్నాను. ఆయన రోడ్డు మధ్య నిలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాసేపటికి ఆయన కూడా ఆపివేసి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, బస్సు వైపు నడిచారు.

వారం తరువాత జాబితా అడుగున ఆయన నంబరును ఎర్రసిరాతో చేర్చారు. ఆ మధ్యాహ్నం నేనూ గేటుకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను, ఇంట్లో కూర్చోలేకపోయాను. మిల్లు గోడ నీడలో రెండు వందలమంది నిలబడి ఉన్నారు. చేయడానికి ఏమీ లేని మనుషులందరూ ఏదో ఒకటి చేస్తున్నారు. తువ్వాళ్ళు విదిలిస్తున్నారు, చుట్టలు ముట్టిస్తున్నారు, అరిగిన చెప్పుల వార్లు సరిచేసుకుంటున్నారు. గుమాస్తా పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పిలుపులు చురుకుగా సాగాయి. పలికినవాడు ముందుకు వెళ్ళి బొటనవేలు అద్ది తప్పుకుంటున్నాడు. పలకనివాడి పేరు పక్కన గీత పడుతోంది.

అన్నగారి పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు.

బావగారు వెనుక వరుసలో ఎవరితోనో తన మగ్గం గురించి వాదులాడుతున్నారు. ఆపిన మగ్గాలను తిరిగి కదిపేటప్పుడు తన మగ్గాన్ని వేరొకరికి ఇస్తారని ఆ మనిషి అన్నాడట; అది ఎలా ఇస్తారో చూస్తానని ఈయన చేతులు ఊపుతున్నారు. పిలుపు ఆయన చెవిన పడలేదు. గుమాస్తా కలం గీత గీయడానికి వంగింది.

"ఉన్నారు!" అని కేక వేశాను.

గుమాస్తా తలెత్తాడు. నేను వరుసలో లేను, కార్మికుణ్ణీ కాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడకు దూరంగా నిలబడి ఉన్నాను.

"తమరెవరండి?"

"సాక్షిని," అన్నాను.

బావగారు జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ముందుకు వచ్చి, బొటనవేలిని సిరాదిమ్మె మీద రెండుసార్లు అద్ది, మస్టరులో గట్టిగా నొక్కారు. గుమాస్తా తరువాతి పేరు పిలిచాడు.