పంద్రాగస్టు విస్తరి

మా తాతయ్యకు స్వాతంత్ర్య సమరయోధులకిచ్చే రైలు పాసు ఉండేది. దేశమంతా తిరిగిరావచ్చు, పైసా అక్కర్లేదు. కానీ ఆయన గుంటూరు వైపున్న సొంతూరికి వెళ్లాలన్నా బస్సే ఎక్కేవాడు. చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి కాచిగూడ స్టేషన్ ఎంతో దూరం కాదు. అయినా అటువైపు అడుగు వేసేవాడు కాదు. ముసలాయన చాదస్తం అని అందరం సరిపెట్టుకున్నాం.

తెల్లవాళ్లను వెళ్లగొట్టాలని ఊళ్లకు ఊళ్లు లేచిన రోజుల్లో తాతయ్య కాలేజీ కుర్రాడు. స్నేహితుడితో కలిసి ఊరి బయట రైలు పట్టాలు పీకాడు. అదే రోజు మధ్యాహ్నం ఆ ఊరి రైల్వే స్టేషన్ ముందు గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. స్నేహితుడు పోయాడు. తాతయ్య జైలుకు వెళ్లాడు. మాకు తెలిసింది అంతే.

ఏటా జెండా ఎగరేశాక మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఆయన చేతికి మైకు ఇచ్చేవాడు. "పట్టాలు పీకిన ముచ్చట జర చెప్పండి పెద్దాయనా, పోరగాళ్లకు మస్తు నచ్చుతది" అనేవాడు. తాతయ్య రెండు ముక్కలు చెప్పి కూర్చునేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టి లడ్డూల మీద పడేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల వాళ్లకు చరిత్ర చెప్తాను. నా క్లాసులో ఆ తిరుగుబాటంతా కలిపి ఒక బిట్టు.

జెండా వందనం కాగానే తాతయ్యను బాగ్ లింగంపల్లి తీసుకెళ్లడం నా పని. చనిపోయిన స్నేహితుడి చెల్లెలు అక్కడ కొడుకు దగ్గర ఉండేది. అన్న పోయేనాటికి ఆమె చిన్నపిల్ల. అన్నకు తిథి పెట్టేది కాదు. "మా అన్నయ్య దీనికోసమే పోయాడు, వాడి పండగ ఇదే" అని పంద్రాగస్టు నాడే అన్నకు విస్తరి వేసేది. ముందు అందులో పులిహోర, పరమాన్నం వడ్డించి, ఆ పక్క విస్తరిలో తాతయ్యకు పెట్టేది. తాతయ్య తల వంచుకుని, మాత్ర మింగుతున్నట్టు తినేవాడు.

ఒక ఏడు, ఆ రోజు ఇంకా వారం ఉందనగా, నన్ను కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. స్నేహితుడు స్టేషన్ దగ్గర పోలేదు. గుండు కడుపులో దిగింది, అంతే. పెద్దాసుపత్రి ఉన్న ఊరికి రైలుంటే చాలు, వేళకు చేర్చేవాళ్లు. రైలెలా వస్తుంది? పట్టాలు పీకింది వీళ్లే కదా. ఎడ్లబండిలో వేసుకుని వానబురదలో బయల్దేరారు. దారిలోనే పోయాడు. స్నేహితుడి ఇంట్లో మాత్రం గుండు తగలగానే పోయాడని చెప్పారు.

"చెల్లెలికి చెప్పేస్తాను. అది పెట్టే అన్నం గొంతు దిగట్లేదు" అన్నాడు.

"ఇన్నేళ్లు మోశావు, ఇంకొన్నాళ్లు మొయ్యి తాతయ్యా. ఈ వయసులో ఆవిడకెందుకు?" అన్నాను. వినలేదు.

ఆ పంద్రాగస్టున ఆమె విస్తళ్లు వేస్తుంటే చెప్పేశాడు. ఆమె గరిటె కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"దారిలో మాట్లాడాడా అన్నయ్యా?" అంది.

"మాట్లాడాడమ్మా."

"ఏమన్నాడు?"

"మంచినీళ్లు అడిగాడు."

"ఇచ్చారా?"

తాతయ్య నా వైపు చూశాడు. నేనేం చెయ్యను?

"కడుపులో గాయం. నీళ్లు తాగితే పోతాడన్నారు. ఇవ్వలేదు" అన్నాడు.

"ఎన్నిసార్లు అడిగాడు?"

"చివరిదాకా అడుగుతూనే ఉన్నాడమ్మా."

"తిను అన్నయ్యా, చల్లారిపోతుంది" అని వడ్డించింది. తాతయ్య ఆ రోజు కడుపు నిండా తిన్నాడు. ఆ దసరాకు బీరువాలోంచి పాసు తీయించి, కాచిగూడలో రైలెక్కి సొంతూరు వెళ్లొచ్చాడు. ఆయన మొహం తేటపడింది. నాకు సంతోషం వెయ్యలేదు, కోపం వచ్చింది.

మరుసటి ఏడు మళ్లీ వెళ్లాం. గుమ్మంలోనే ఆమె కొడుకు నన్ను పక్కకు పిలిచి, "ఏం చెప్పారో ఏమో, అమ్మ రోజూ మా మేనమామ ఫొటో ముందు నీళ్లు పెడుతోందండీ. తాను మాత్రం బతిమాలితే గానీ గుక్కెడు తాగదు" అన్నాడు. ఆమె సగం అయిపోయింది.

లోపల రెండు విస్తళ్లు వేసి ఉన్నాయి. తాతయ్య విస్తరిలో అన్నీ ఉన్నాయి. అన్న విస్తరి ఖాళీ. దాని పక్కన ఇత్తడి చెంబు నిండా నీళ్లు. తాతయ్య కూర్చోబోయి ఆగిపోయాడు.

ఆమె చెంబును విస్తరికి ఇంకాస్త దగ్గరగా జరిపి, ఆయన మొహంలోకి చూసింది.

"ఇప్పుడు తాగుతాడంటావా అన్నయ్యా?"

"తాగుతాడమ్మా" అన్నాడు తాతయ్య. ఆ పూట ఆయన విస్తరి ముట్టుకోలేదు.