వీపు మీద చెయ్యి పడేదాకా

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో ఒక్కరూ కుదురుగా ఉండేవారు కాదు. మాది ఎల్లారెడ్డి పక్కన ఒక పల్లె. యాసంగి వడ్లు ఇల్లు చేరగానే మా అన్న కబడ్డీ అంటూ ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు. మా బాపు, ఆయన అన్న పెద్దబాపు పొద్దుగూకే వేళకు కల్లం దగ్గర చిరుతల ఆటలో తేలేవారు. మగవాళ్లంతా కాళ్లకు గజ్జెలు కట్టి, చేతుల్లో చెక్క చిరుతలు కొట్టుకుంటూ, గుండ్రంగా తిరుగుతూ దేవుళ్ల కథలు పాడే ఆట అది. బాపు మద్దెల వాయిస్తే పక్క ఊరికి కూడా వినబడేది. నాన్నను బాపు అన్నట్టే, అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. ఆమె ఒకరి మోకాలికి పసుపు పట్టించి, ఇంకొకరి గొంతుకు మిరియాలు నూరి ఇచ్చి, బయటి ఎండ కంటే మీ వేడే ఎక్కువగా ఉందని విసుక్కునేది.

ఆ వేడిలో నాదీ ఒక వంతు. నేను బడిలో ఖో ఖో ఆడేదాన్ని. ఆ సెలవుల్లో ఎల్లారెడ్డి బడి మైదానంలో పొద్దున్నే ఆడించి, కామారెడ్డిలో జరిగే పోటీలకు జట్టును ఎంచుతామన్నారు. కామారెడ్డి అప్పటికి నాకు బస్సు కిటికీలోంచి చూసిన ఊరే. ఆ రైలు కూత వినబడే ఊళ్లో, అంతమంది ముందు ఆడాలని నా ప్రాణం కొట్టుకునేది. పరుగులో నన్ను మించిన పిల్ల లేదు. అయినా జట్టులో ఉంటానన్న నమ్మకం లేదు.

ఎందుకంటే ఖో ఖోలో పరుగు కంటే ముందు కూర్చోవడం రావాలి. తరిమే జట్టు పిల్లలు వరుసలో ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తరుముతున్న పిల్ల వెనక నుంచి వచ్చి వీపు మీద చెయ్యి వేసి 'ఖో' అంటేనే లేవాలి. నాకు అదే చేతకాలేదు. ముళ్ల మీద కూర్చున్నట్టు ఉండేది. వెనక అడుగుల చప్పుడు వినబడితే చాలు, నా కోసమే వస్తున్నారనుకుని లేచేదాన్ని. వెంటనే ఈల మోగేది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ సంగతి అని మా పీటీ సారు మొదట్లో నవ్వేవారు. తర్వాత నవ్వడం మానేశారు. ఒకరోజు అందరి ముందే, ఇట్లాగే లేస్తుంటే నిన్ను కామారెడ్డి తీసుకుపోయేది లేదు అన్నారు.

ఇంటికి వచ్చి చెప్పుల జత ఒకటి ఇటు, ఒకటి అటు విసిరి కూర్చున్నాను. అవ్వ ఇచ్చిన అంబలి కూడా ముట్టలేదు. సంగతంతా పెద్దబాపు విన్నాడు. పొద్దు వాలాక నన్ను కల్లం దగ్గరికి పిలిచి, తన చేతిలోని కంచు తాళాలు నా చేతిలో పెట్టాడు.

పాట చరణం ముగిసి మద్దెల ఆగగానే తాళం ఒక్కసారి కొట్టాలి. ఆ చప్పుడుకు అందరూ ఒక్కసారే వెనక్కి మళ్లి ఎదురు దిశలో తిరుగుతారు. అంతే నా పని. అయితే ఆట వైపు చూడకూడదు, వాళ్లకు వీపు పెట్టి కూర్చోవాలి అన్నాడు. ఆడపిల్ల చేతికి తాళమా అని ఒకరిద్దరు గొణిగారు. ఆయన పట్టించుకోలేదు.

మొదటిసారే తొందరపడి కొట్టాను. సగం మంది వెనక్కి మళ్లారు, సగం మంది ముందుకే పోయారు. ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ రోజు ఆటలో కలిసిన మా అన్న వేళ్ల మీద పక్కవాడి చిరుత పడింది. తెల్లవారితే వాడికి కబడ్డీ పోటీ ఉంది. వాడు తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. రెండోసారీ అదే గతి. దాంతో నేను ఒక ఉపాయం పన్నాను. పాట ఎక్కడ ముగుస్తుందో గుర్తు పెట్టుకుని, లెక్క చూసుకుని కొడదామనుకున్నాను. పెద్దబాపు అది కనిపెట్టాడు. ఇక ఆయన, మా బాపు కూడబలుక్కున్నారు. ఒకసారి చరణం ఉన్నంతే పాడేవారు, ఇంకోసారి తిప్పి తిప్పి పాడేవారు. మద్దెల ఆగినట్టే ఆగి మళ్లీ ఎత్తుకునేది. నన్ను ఏడిపించడానికే ఇదంతా అని నాకు రోషం వచ్చింది. తాళాలు నేల మీద పెట్టేశాను.

పెద్దబాపు వచ్చి నా పక్కన గొంతు కూర్చున్నాడు.

"కాళ్లు ఉరుకుతమంటే ఉరకనీ బిడ్డా, తప్పు గాదు. చెవులను కూసుండబెట్టు. అయిపోయిందని నువ్వు చెప్పుడు గాదు, పాట చెప్తది."

మళ్లీ తాళాలు తీసుకున్నాను. నా కాలు ఊగుతూనే ఉంది, దాన్ని ఆపలేదు. లెక్క మాత్రం వదిలేశాను. అప్పుడు తొలిసారి పాట విన్నాను. ఎవరికి ఆయాసం వస్తోందో, ఎవరి గజ్జె వదులైందో తెలిసింది. మద్దెల రెండుసార్లు మోసం చేయబోయింది, నేను కదలలేదు. తర్వాత నిజంగానే ఆగింది. కొట్టాను. నా వెనక గజ్జెలన్నీ ఒక్కసారిగా మళ్లిన చప్పుడు వినబడింది. చూడకుండానే నా ఒళ్లు పులకరించింది.

ఆ తర్వాత మైదానంలో కూడా చెయ్యి పడేదాకా లేవకుండా కూర్చోగలిగాను, సారు నన్ను జట్టులోకి తీసుకున్నారు. కామారెడ్డిలో నేల పెనంలా కాలుతోంది. అవతలి జట్టు తరఫున వచ్చిన కుర్రాళ్లు మమ్మల్ని ఏమార్చడానికి గీత బయట నుంచి 'ఖో ఖో' అని అరుస్తున్నారు. నా పక్క పిల్ల నమ్మి లేచింది, ఈల మోగింది. నా కాళ్లు మండిపోతున్నాయి. అయినా వీపు మీద చెయ్యి పడలేదు కాబట్టి లేవలేదు. పడ్డాక లేచాను. ఒక పిల్లను పట్టాను, ఇంకొక పిల్ల వేళ్లకు అందినట్టే అంది జారిపోయింది. మేము ఓడిపోయాం. తల మీద తువ్వాల వేసుకుని గోడ పక్కన పెద్దబాపు నిలబడి ఉన్నాడు. వస్తున్నానని ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చాడు. నాకు చెరుకురసం తాగించి, "ఒక్కసారి గూడ ఊకెనే లేవలే గదా" అన్నాడు. నేను ఏడ్చేశాను.

చాలా ఏళ్ల తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట ముద్దగా, ఆగి ఆగి వచ్చేది. ఆయన నోరు తెరిస్తే చాలు, నీళ్లా, దవాఖానకు పోదామా అని ఇంట్లో తలా ఒక మాట అందించేవారు. అది ప్రేమే, కాదనను. కానీ ఆయన సగంలోనే విసిగి గోడవైపు తిరిగేవాడు. నేను అత్తగారింటి నుంచి వచ్చి మంచం పక్కన కూర్చున్న రోజు కూడా అంతే జరగబోయింది. వాళ్లను చేత్తో ఆపాను. నా కాలు ఎప్పటిలాగే ఊగుతోంది. ఆయన పెదవులు చాలాసేపు తంటాలు పడ్డాయి. ఏం చెప్పబోతున్నాడో ఊహించలేదు, విన్నాను.

"మంచం... బయట... ఎయ్యుండ్రి."

మంచం ఎత్తి వాకిట్లో వేశాం. కల్లం దగ్గర కొత్త పిల్లలు చిరుతలు నేర్చుకుంటున్నారు. అప్పుడు గానీ మాకు మద్దెల చప్పుడు చెవిన పడలేదు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. చరణం ముగిసి మద్దెల ఆగగానే, ఆయన వేలు మంచం పట్టె మీద ఒక్కసారి తట్టింది.

ఇప్పుడు నేను కామారెడ్డిలోనే ఉంటున్నాను. నా మనవరాలికి కొంచెం నత్తి. బడి నుంచి రాగానే ఏదో చెప్పబోయి ఒక మాట దగ్గర చిక్కుకుంటుంది. ఆ మాట నాకు ముందే తెలుస్తుంది, నాలుక చివరి దాకా వస్తుంది. కాలు ఊపుకుంటూ కూర్చుంటాను గానీ అందించను. ఆ పిల్ల తనంతట తానే చెప్పి, నా ముఖం చూసి నవ్వుతుంది.