బోర్లించిన ఆల్చిప్ప

దెయ్యాల మాట ఎత్తితే నవ్వి ఊరుకునే మనిషిని నేను. పదో తరగతితో చదువు ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. లెక్కకు తేలనిది నా దగ్గర నిలవదు. పైగా మాది చర్చికి పోయే కుటుంబం. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉంటారు, వంగమడుల్లో తిరగరు.

మా అక్కది విడవలూరు పక్కన ఇసుక నేల. ఇసుకలో తవ్విన దొరువులోంచి నీళ్లు ముంచి పోసి వంగనారు పెంచుతుంది. నిరుడు బాక్టీరియా ఎండు తెగులు తగిలి, పచ్చగా ఉన్న మొక్కలు ఉన్నట్టుండి వాలిపోయాయి. బావకో అలవాటు ఉండేది. అనుమానం వచ్చిన మొక్క మొదట్లో ఆల్చిప్ప బోర్లించేవాడు. తర్వాత వేళ్లతో సహా పీకి కాల్చేవాడు. ఆ ఏటి వానల్లోనే జ్వరమొచ్చి ఆయన పోయాడు.

ఈ ఏడు ఊళ్లోవాళ్లకు నారు ఇస్తానని అక్క మాటిచ్చింది. అందులో తెగులు దాగి ఉంటే అందరి పొలాల్లోకీ పోతుంది. ఇచ్చేముందు ల్యాబులో పరీక్ష చేయిద్దామన్నాను.

పరీక్షకు ఎంచకుండా అక్కడక్కడా కొన్ని మొక్కలు తీయడానికి పొద్దున్నే పోయాం. ముందురోజు సాయంత్రం తడిపిన మడి నున్నగా ఉంది. ఒక్క అడుగు గుర్తు లేదు. నడిమధ్య, మిగతావాటిలాగే కళకళలాడుతున్న మొక్క మొదట్లో ఆల్చిప్ప బోర్లించి ఉంది.

“మీ బావ పెట్టుండాడు,” అంది అక్క.

“పొద్దున్నే దెయ్యాలేందక్కా!”

“దెయ్యమంటావేందిరా మీ బావని! ఆ మొక్క కూడా తియ్యి.”

“ఎంచి తీస్తే లెక్క చెడిపోద్దక్కా.”

“అయితే నీ లెక్కలో ఆయన మాట కూడా ఒకటి ఏసుకో.”

ఆమె కోసం దాన్ని విడిగా ఇంకో కవరులో పెట్టాను.

ల్యాబులో ఒకమ్మాయి కాండాలు కోసి గ్లాసు నీళ్లలో వేలాడదీసింది. తెగులుంటే కోసినచోటి నుంచి పాలదారంలాంటిది కిందికి జారుతుందట. నేను ఏరిన మొక్కల్లో ఒక్కదాన్నుంచీ రాలేదు. బావ మొక్క నుంచి వచ్చింది. తర్వాత చేసిన పెద్ద పరీక్షలోనూ అదే తేలింది.

ఆ కవరు లేకపోతే నా లెక్క నారు మంచిదనే చెప్పేది. అక్క పంచేసేది. మడి మొత్తం పీకి కాల్చేశాం. ఈసారికి నారు లేదని అక్క ఇంటింటికీ పోయి చెప్పుకుంది.

కాకి జారవిడిచిందేమో అనుకున్నాను. సముద్రం పక్కన ఆల్చిప్పలకు కొదవా? కానీ అన్ని మొక్కలుండగా సరిగ్గా దాని దగ్గరే ఎందుకు పడాలి? ఎన్ని రకాలుగా లెక్కవేసినా వచ్చిన జవాబు నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇప్పటికీ అంతే.

ఫలితం చెప్పేటప్పుడు ల్యాబు అమ్మాయి అడిగింది, అంత పచ్చటి మొక్క మీద అనుమానం ఎలా వచ్చిందని. మా బావ గుర్తు పెట్టాడన్నాను.

“ఈసారి ఆయన్ని కూడా తీసుకురండి సార్. ఎట్లా కనిపెట్టారో అడగాల.”

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. చాలాసేపు నవ్వింది.

“ల్యాబుకి తర్వాత పోవచ్చులే,” అంది. “ముందు ఇంటికొచ్చి నాకు కనపడమను.”